పాఠకుల ప్రశ్నలు: వెడల్పు టైరు వేస్తే పట్టు పెరుగుతుందా?

ప్రశ్న: నా హీరో ఎక్స్‌పల్స్ 200 వెనక టైరు 120/80-18 అరిగిపోయింది. 140/80-18 వేస్తే మట్టిదారుల్లో పట్టు బాగుంటుందని మెకానిక్ అంటున్నాడు. వేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: వద్దండీ. మట్టిలో పట్టు ఇచ్చేవి టైరు మీది బటన్లూ (పొడుచుకొచ్చిన రబ్బరు దిమ్మెలు), వాటి మధ్య ఖాళీలూ, మీరు పెట్టే గాలీ. కంపెనీ సైజులోనే మంచి బటన్ టైరు వేయించండి.

ముందు లెక్క చూడండి. 120 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే ఆ వెడల్పులో 80 శాతం టైరు గోడ ఎత్తు, అంటే 96 మి.మీ. 18 అంగుళాల రిమ్ము 457 మి.మీ. పైనా కిందా రెండు 96లు కలిపితే చక్రం మొత్తం ఎత్తు 649. అదే 140/80-18 అయితే 681. గేరింగు దాదాపు 5 శాతం బరువెక్కుతుంది. 40 పళ్ల వెనక స్ప్రాకెట్‌లో రెండు పళ్లు తీసేసినట్టే. వెనక మనిషిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కేటప్పుడు బండి లాగలేక మీరు మాటిమాటికీ గేరు దించాల్సి వస్తుంది.

అసలు ఇబ్బంది చోటు దగ్గర. టైరు రెండు పక్కలా చెరో 10 మి.మీ. పెరుగుతుంది. గొలుసు వైపే ముందు రాసుకుంటుంది. కొత్త గొలుసు వేసినప్పుడు చక్రం బాగా ముందుకి జరిగి ఉంటుంది కాబట్టి స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) ముందుభాగంతోనూ ఖాళీ తగ్గుతుంది. గొలుసు సాగి చక్రం వెనక్కి జరిగి ఉన్నప్పుడు కొలిచి, చాలా చోటుందనుకుంటే మోసపోతారు. మీ వైపు నల్లరేగడి తడిస్తే ఎలా అంటుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ మట్టి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య గట్టిపడితే చక్రం తిరగడమే ఆగిపోతుంది. ఏ టైరు వేసినా చుట్టూ కనీసం 10 మి.మీ. ఖాళీ ఉండాలన్నది మా లెక్క. బురదదారులకు అంతకన్నా ఎక్కువే కావాలి.

ఎండ్యూరో (అడవిదారుల) పందెం బళ్లలో 2.15 అంగుళాల వెడల్పు రిమ్ము మీదే 140/80-18 వస్తుందని ఎవరైనా చూపించవచ్చు. నిజమే. కానీ ఆ బళ్ల స్వింగ్ ఆర్మ్‌నీ మడ్‌గార్డునీ ఆ టైరును దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు. రోడ్డు టైరును ఇరుకు రిమ్ములో బిగిస్తే గోడలు లోపలికి లాక్కుపోయి నడిమి భాగం పైకి ఉబ్బుతుంది. తిన్నగా పోయేటప్పుడు నేలను తాకేది సన్నని చార మాత్రమే, అరుగుదలా అక్కడే.

ప్రశ్న: రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కి వెనక 120/90-17 దొరకడం లేదు. షాపులో 130/80-17, 140/80-17 ఉన్నాయి. ఏది తీసుకోను?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ టైరు ఎత్తు 648 మి.మీ. 130/80-17 అయితే 640, 140/80-17 అయితే 656. ఎత్తులో తేడా రెంటికీ ఎనిమిదే, కానీ వెడల్పులో 130 దగ్గర. దాన్నే చూడండి. దానికి కనీసం 2.50 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. ఆ అంకె రిమ్ము మీదే కొట్టి ఉంటుంది, చూసి నిర్ధారించుకోండి. సైజు పక్కన ఉండే బరువు అంకె పాత టైరుదానికంటే తగ్గకూడదు (62 అంటే 265 కిలోలు, 64 అంటే 280). టైరు గోడ మీద నాలుగంకెల తయారీ తేదీ కూడా చదవండి: 2324 అని ఉంటే 2024లో 23వ వారం.

ప్రశ్న: స్పోక్ చక్రానికి ట్యూబ్‌లెస్ టైరు వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వేయవచ్చు, లోపల ట్యూబు పెట్టి. మామూలు స్పోక్ రిమ్ములో నిపుల్స్ (స్పోకులను రిమ్ముకి బిగించే నట్లు) దగ్గర గాలి నిలవదు. ట్యూబు టైరు సైజుకి సరిపోయేదీ, కొత్తదీ అయి ఉండాలి. సాగిపోయిన పాత ట్యూబు లోపల మడతపడి ఆ మడత దగ్గరే చిరుగుతుంది. నిపుల్స్ మీద రబ్బరు పట్టీ చిరిగి ఉంటే అదీ మార్పించండి. వాల్వు నట్టును రిమ్ముకి బిగించకండి, పైకి తిప్పి మూతకి ఆనించండి. గాలి తక్కువై టైరు రిమ్ము మీద జరిగితే వాల్వు పక్కకి వాలి కనిపిస్తుంది. నట్టు బిగించి ఉంటే అది వాలే వీలుండదు, కాడ మొదట్లో తెగిపోతుంది.