మందుకు గురి ఎక్కడ? సికిల్ సెల్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా బాబుకి పదకొండేళ్లు, 25 కిలోలు. సికిల్ సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగే జబ్బు) అని తేలింది. రోజుకొకటి చొప్పున 500 మి.గ్రా. హైడ్రాక్సీయూరియా గొట్టం మాత్ర రాశారు. అది క్యాన్సర్ మందని మందుల షాపాయన అన్నాడు. అప్పట్నుంచి ఇవ్వడానికి చేతులు రావడం లేదు. కొత్త మందులు వచ్చాయట కదా, అవి ఇప్పించలేమా?
— ఒక తల్లి, రాయగడ

జవాబు: మాత్ర ఆపకండమ్మా. షాపాయన అబద్ధం చెప్పలేదు గానీ సగమే చెప్పాడు. ఈ రసాయనాన్ని 1869లోనే తయారుచేశారు. క్యాన్సర్‌కి వాడకం 1960ల్లో మొదలైంది. సికిల్ సెల్‌లో దీని పని వేరు. డీఎన్ఏకి ముడిసరుకు అందించే రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ అనే ఎంజైమును ఇది కాసేపు అణచిపెడుతుంది. ఎముక మూలుగ మందగించి మళ్లీ పుంజుకునేటప్పుడు, కడుపులో బిడ్డకి ఉండే పిండ హిమోగ్లోబిన్‌ని ఎక్కువగా తయారుచేస్తుంది. సికిల్ హిమోగ్లోబిన్ ఆక్సిజన్ వదిలాక ఒకదానికొకటి అతుక్కుని పోగులవుతుంది, కణం కొడవలిలా వంగేది అందుకే. పిండ హిమోగ్లోబిన్ ఆ పోగులో ఇమడదు. 1995లో ఫలితాలు వెలువడిన పెద్ద పరీక్షలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్న పెద్దవాళ్లకి ఏడాదికి 4.5 నొప్పి దాడులు వస్తే, ఈ మందు వేసుకున్నవాళ్లకి 2.5 వచ్చాయి.

మోతాదు సంగతి. పిల్లలకి కిలోకి 20 మి.గ్రా. లెక్క వేస్తారు, కొందరు డాక్టర్లు 10తో మొదలుపెడతారు. మీ బాబుకి 25 కిలోలకి 500 సరిగ్గా సరిపోయింది. కానీ వాడు ఎదుగుతాడు. 35 కిలోలు వచ్చినా అదే 500 మింగిస్తుంటే మోతాదు కిలోకి 14కి పడిపోతుంది, నొప్పులు తిరగబెడతాయి, ‘మందు పనిచేయడం లేదు’ అనుకుంటారు. ప్రతిసారీ బరువు తూయించి డాక్టరుకి చెప్పండి.

మొదట్లో నెలకోసారి, మోతాదు కుదురుకున్నాక రెండు మూడు నెలలకోసారి రక్తకణాల లెక్క చేయించాలి. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ బాగా తగ్గినా, ప్లేట్‌లెట్లు 80,000 కంటే తగ్గినా డాక్టరు కొన్నాళ్లు ఆపమంటారు. లెక్క కోలుకోగానే మళ్లీ మొదలుపెట్టాలి. ఆ ‘కొన్నాళ్లు’ కాస్తా శాశ్వతమైపోవడమే నన్ను ఎక్కువగా భయపెట్టే పొరపాటు. గుణం కనబడటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. రిపోర్టులో ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) అనే అంకె పెరుగుతుంటే మందు ఒంటికి పడుతున్నట్టే. గొట్టం విప్పి పొడి కలపకండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె ఈ మాత్రను చేత్తో ముట్టుకోకూడదు. జ్వరం 101 దాటితే ఇంట్లో మాత్రతో సరిపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒక్కసారిగా చలి తగిలితే నొప్పి మొదలవుతుంది, కాబట్టి కార్తీకమాసంలో నాగావళిలో తెల్లవారుజాము స్నానం బాబుకి వద్దు.

కొత్త మందుల మాట కింది జవాబులో చూడండి.

ప్రశ్న: నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. సికిల్ సెల్‌కి వచ్చిన వోక్సెలోటర్ అనే మందు నేరుగా హిమోగ్లోబిన్‌కే అతుక్కుంటుంది కదా. గురి సరైనదే అయినప్పుడు ఎందుకు వెనక్కి తీసుకున్నారు? కొత్త టార్గెట్లు (మందు గురిపెట్టే ప్రోటీన్లు) ఎలా దొరుకుతాయి?
— ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: వోక్సెలోటర్‌లో ఒక ఆల్డిహైడ్ గుంపు ఉంది. అది హిమోగ్లోబిన్‌లోని ఆల్ఫా గొలుసు మొదట్లో ఉన్న వాలీన్ అనే అమైనో ఆమ్లపు అమైన్‌తో షిఫ్ బేస్ అనే బంధం కడుతుంది, మీరు ల్యాబులో చేసే చర్యే. నాలుగు గొలుసుల హిమోగ్లోబిన్‌కి ఒక్క మందు అణువు. ఇక్కడొక లెక్క వేసి చూడండి. డెసిలీటరుకి 8 గ్రాముల హిమోగ్లోబిన్, 5 లీటర్ల రక్తం అంటే 400 గ్రాములు. దాన్ని హిమోగ్లోబిన్ అణుభారం 64,500తో భాగిస్తే సుమారు 6.2 మిల్లీమోల్స్. మందు అణుభారం 337. అన్నిటినీ పట్టాలంటే ఒంట్లో 2 గ్రాముల మందు ఉండాలి! మామూలు ఎంజైము టార్గెట్‌కి కొన్ని మిల్లీగ్రాములతో పని జరుగుతుంది. అందుకే దీని మోతాదు రోజుకి 1500 మి.గ్రా.

2019లో అమెరికా దీనికి త్వరిత అనుమతి ఇచ్చింది, హిమోగ్లోబిన్ అంకె పెరిగిందన్న ఆధారంతో. నొప్పి దాడులు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఈ మందు పట్టుకున్న హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టి ఉంచుతుంది, మరి కండరానికి అందేదెంత అన్న అభ్యంతరం మొదట్నుంచీ ఉంది. తర్వాతి సమాచారంలో నొప్పి దాడులు, మరణాలు మందు వాడినవాళ్లలోనే ఎక్కువ కనబడటంతో 2024 సెప్టెంబరులో తయారీసంస్థ ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అంకె పెరిగితే రోగి కుదుటపడినట్టేనని అనుకోవడం దగ్గరే దెబ్బతిన్నారు.

టార్గెట్ వెతకడానికి నాకు నచ్చిన దారి మనుషుల జన్యువుల్లోంచే వెళ్తుంది. పెద్దయ్యాక కూడా పిండ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉన్నవాళ్ల జన్యువుల్ని మిగతావాళ్లతో పోల్చితే 2007, 2008ల్లో బీసీఎల్11ఏ అనే జన్యువు బయటపడింది. పిండ హిమోగ్లోబిన్ స్విచ్చిని ఆపేది అదే. అయితే దాన్నుంచి తయారయ్యేది డీఎన్ఏని పట్టుకునే ప్రోటీను, మామూలు మందు దూరి కూర్చునే గుంట దానికి లేదు. పైగా మెదడుకీ రోగనిరోధక కణాలకీ అది కావాలి. 2013లో ఎర్రకణాల్లో మాత్రమే దాన్ని నడిపే డీఎన్ఏ ముక్క దొరికింది. ఆ ముక్కను క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కత్తిరించే చికిత్స క్యాస్‌జెవీకి 2023 చివర్లో బ్రిటన్‌లో, అమెరికాలో అనుమతి వచ్చింది. అమెరికా ధర 22 లక్షల డాలర్లు, పైగా ముందు మూలుగను కీమోతో ఖాళీ చేయాలి. రాయగడ అమ్మగారికి ఇప్పట్లో అందే దారి కాదిది.

మాత్ర రూపంలో ఆశ ఇంకోచోట ఉంది. విజ్ అనే మరో ప్రోటీను కూడా పిండ హిమోగ్లోబిన్‌ని తొక్కిపెడుతుందని 2024లో ప్రచురించారు. దాన్ని, పారవేయాల్సిన ప్రోటీన్లని గుర్తుపట్టే సెరెబ్లాన్‌కి జిగురులా అతికించి కణమే పారవేసేలా చేసే చిన్న అణువులు ఎలుకల్లో, కోతుల్లో పనిచేశాయి. సెరెబ్లాన్ అంటే, గర్భిణులు వాడితే బిడ్డలు అవయవలోపాలతో పుట్టిన థాలిడొమైడ్ అనే మందుకి టార్గెట్‌గా 2010లో బయటపడిన ప్రోటీనే. కాబట్టి ఈ జాతి అణువుల్ని గర్భిణుల విషయంలో మరీ జాగ్రత్తగా పరీక్షించాలి.

ప్రశ్న: మా చెల్లెకు క్యాంపుల సొల్యుబిలిటీ టెస్టు చేస్తే పాజిటివ్ అన్నరు. మందులు వాడాల్నా?
— ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: ఇప్పుడే వద్దు. ఆ పరీక్ష సికిల్ హిమోగ్లోబిన్ ఉందని మాత్రమే చెబుతుంది, జబ్బుకీ వాహకత్వానికీ (జబ్బు లేకుండా ఆ జన్యువును మోయడానికీ) తేడా చెప్పలేదు. హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ చేయించండి. ఏఎస్ (ఒకటి మామూలు జన్యువు, ఒకటి సికిల్ జన్యువు) అని వస్తే ఆమె వాహకురాలు, మందు అక్కర్లేదు. సంబంధం ఖాయం చేసుకునే ముందు అబ్బాయికీ అదే పరీక్ష చేయించండి. ఇద్దరూ ఏఎస్ అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అప్పుడు నెల తప్పగానే డాక్టరుకి చెప్పాలి, ఎందుకంటే కడుపులో బిడ్డకి జబ్బుందో లేదో తెలుసుకోవడానికి మాయ ముక్క తీసి చేసే పరీక్షకి 10 నుంచి 13 వారాల మధ్యే సమయం.