తాబేలు బతికి ఉందని బావిలోకి దిగకండి

ప్రశ్న: ఆక్సిజన్ అందకపోతే మనిషి మెదడు ఐదు నిమిషాల్లో దెబ్బతింటుంది. మరి కొన్ని జంతువుల మెదళ్లు గంటలు, నెలలు ఎలా తట్టుకుంటాయి?

దీనికి జవాబు చెప్పేవాళ్లు చాలామంది సీళ్లు, తిమింగలాలతో మొదలుపెడతారు. నాకది నచ్చదు. క్యూవియర్ జాతి తిమింగలం ఒకటి 3 గంటల 42 నిమిషాలు నీటి అడుగునే ఉందని 2020లో బయటికొచ్చిన రికార్డు చెబుతోంది. గొప్పే, కాదనను. కానీ అది ఆక్సిజన్ లేకుండా బతకడం కాదు. రక్తంలో, కండరాల్లో దాచుకున్నదాన్ని పొదుపుగా వాడుకోవడం. ఆక్సిజన్ పూర్తిగా సున్నా అయినా బతికేవాళ్లు వేరే ఉన్నారు. ఉత్తర అమెరికా మంచినీటి తాబేళ్లు, యూరప్ చెరువుల్లో ఉండే క్రూషియన్ కార్ప్ చేప, తూర్పు ఆఫ్రికాలో నేల కింద ఉండే నేకెడ్ మోల్ ర్యాట్ అనే ఎలుక లాంటి జంతువు. నా దృష్టిలో అసలు మొనగాడు తాబేలు. ఎందుకో చెప్పాలంటే ఒక బావి గురించి చెప్పాలి.

నేను తిరుపతిలో ఆపరేషన్ థియేటర్లో అనస్థీషియా టెక్నీషియన్‌ని. పేషెంట్ ఒంట్లో ఆక్సిజన్ తగ్గేకొద్దీ మానిటర్ బీప్ స్వరం కిందికి దిగుతుంది. స్క్రీన్ చూడక్కర్లేదు, చెవికే తెలిసిపోతుంది. అయితే ఆక్సిజన్ తగ్గితే మనిషి ఏమవుతాడో నాకు మొదట తెలిసింది థియేటర్లో కాదు, పాకాల దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో.

మా వైపు బోర్లు వచ్చాక బావుల్ని ఎవరూ పట్టించుకోలేదు. మామ వాళ్ల కపిల బావిలో చింతాకు రాలి రాలి కుళ్లిపోయి, అడుగున కొంచెం నల్లనీళ్లు మిగిలాయి. ఆ ఎండాకాలం బోరు కూడా వట్టిపోయింది. పూడిక తీస్తే ఊట పడుతుందేమోనని మామకు ఆశ. దిగేముందు అందరం ఒడ్డున వంగి చూశాం. నీళ్లలోంచి తాబేలొకటి తల పైకి పెట్టి, చుట్టూ చూసి, మళ్లీ మునిగింది. నీళ్లు శుభ్రంగా ఉంటాయని ఎప్పుడో మా తాత వేయించిందట.

"తాబేలు బతికే ఉండాది గదరా, గాలికేమైంది?" అన్నాడు పక్క చేను పెద్దాయన. అంతే, చర్చ ముగిసింది. దీపం దించి చూద్దామని ఎవరో అన్నారు గానీ, లాంతరు ఇప్పుడెవరింట్లో ఉంది? వయసులో బావులు తవ్వి బతికిన ముసలాయన ఒకడు మాత్రం నడుముకి మోకు కట్టుకోనిదే దిగడానికి వీల్లేదని కూర్చున్నాడు. మామ విసుక్కుంటూనే కట్టుకున్నాడు.

గోడకు పొడుచుకొచ్చిన రాళ్ల మీద కాళ్లు పెట్టుకుంటూ, మాట్లాడుతూనే దిగాడు. గంప దించమని కేకేశాడు. అడుగుకి ఇంకా రెండు నిలువులు ఉందనగా మాట ఆగిపోయింది. అరవలేదు, దగ్గలేదు. రాయిని పట్టుకున్న చేతివేళ్లు మెల్లగా తెరుచుకోవడం నేను పైనుంచి చూశాను. మోకు ఒక్కసారిగా బిగిసింది. చిన్నమామ చొక్కా విప్పేసి దిగబోతే ముసలాయన అడ్డం పడి, "దిగబాకరా! నువ్వూ పోతావు. మోకు లాగండ్రా!" అని అరిచాడు. లాగాం. రాళ్లకు ఒరుసుకుని మామ భుజం తోలు లేచిపోయింది. పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి. ఒడ్డున పడుకోబెట్టగానే ఊరంతా మీద పడింది. ఒకామె ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టింది, ఇంకొకాయన తాళంచెవుల గుత్తి చేతిలో ఇరికించాడు. గాలి లేక పడిపోయిన మనిషి చుట్టూ గాలి ఆడకుండా నిలబడటం మనవాళ్లకే చెల్లు. థియేటర్ బయట కారిడార్లో కూడా రోజూ ఇదే చూస్తుంటాను.

కొంతసేపటికి మామ కళ్లు తెరిచి, "గంప దించమంటే దించరేందిరా?" అన్నాడు. మధ్యలో ఏం జరిగిందో ఆయనకు తెలియనే తెలియదు. తాబేలు మాత్రం అడుగున ఎప్పటిలాగే తిరుగుతోంది.

ఊపిరి బిగబడితే ఎవరైనా ఒక నిమిషం ఉండగలరు కదా, మరి మామ అంత తొందరగా ఎందుకు పడిపోయాడని నన్ను చాలామంది అడిగారు. బిగబట్టినప్పుడు ఊపిరితిత్తుల్లో ఉన్న ఆక్సిజన్ అక్కడే ఉంటుంది, రక్తం దాన్ని తీసుకుంటూ ఉంటుంది. ఆకు కుళ్లి ఆక్సిజన్ అడుగంటిన మా బావిలో లాంటి గాలి పీలిస్తే జరిగేది తలకిందులు. రక్తంలో ఉన్న ఆక్సిజనే వెనక్కి ఊపిరితిత్తుల్లోకి వచ్చి, ప్రతి శ్వాసతో బయటికి పోతుంది. అందుకే కొన్ని శ్వాసల్లోనే స్పృహ తప్పుతుంది. ఆ తర్వాత దిగినవాడిదీ అదే గతి. ఒకే బావిలో ఒకరి వెంట ఒకరు పోయిన వార్తలు ప్రతి ఎండాకాలం పేపర్లో వస్తూనే ఉంటాయి.

ఇక మెదడు సంగతి. ఒంటి బరువులో మన మెదడు 2 శాతమే గానీ ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే తినేస్తుంది. అందులో ఎక్కువ భాగం ఆలోచనలకు కాదు, సోడియం, పొటాషియం పంపులకు పోతుంది. నరాల కణాల్లోకి కారిపోయే సోడియాన్ని ఈ పంపులు రాత్రీ పగలూ బయటికి తోడుతూ ఉండాలి. ఆక్సిజన్ ఆగితే శక్తి ఆగుతుంది, పంపులు ఆగుతాయి. కణాలు అదుపు తప్పి, పక్క కణాల్ని రెచ్చగొట్టే గ్లూటమేట్ అనే రసాయనాన్ని గుమ్మరిస్తాయి. దాంతో కాల్షియం లోపలికి దూసుకొచ్చి కణాన్ని లోపలినుంచే పాడుచేస్తుంది. కరెంటు పోయినా ఏసీ, గీజర్, మోటారు అన్నీ ఇన్వర్టర్ మీదే నడిపే ఇల్లు మన మెదడు.

తాబేలు అలా కాదు, కరెంటు పోయిన మరుక్షణం స్విచ్‌లు కట్టేస్తుంది. ఆ ఉత్తర అమెరికా తాబేళ్లలో ఒకటైన పెయింటెడ్ తాబేలు 3 డిగ్రీల చల్లటి నీళ్లలో, ఆక్సిజన్ అసలు లేకుండా మూడు నెలలకు పైగా బతుకుతుంది. దాని నరాల కణాలు సోడియం లాంటి అయాన్లు (కరెంటు ఉన్న అణువులు) కారే దారుల్ని మూసేస్తాయి. కారడమే తగ్గితే తోడాల్సిన పని కూడా తగ్గుతుంది కదా! కెనడా శాస్త్రవేత్త పీటర్ హొచాచ్కా 1986లో ప్రతిపాదించిన ఆలోచన ఇదే. దానికి తోడు మెదడుని నిద్రపుచ్చే గాబా అనే రసాయనం బాగా పెరుగుతుంది, మా మత్తుమందుల్లో చాలావాటికి ఆధారం కూడా ఆ గాబా వ్యవస్థే. మొత్తం ఒంటి ఖర్చు పదో వంతు దరిదాపులకు పడిపోతుంది. ఆ కాస్త శక్తినీ ఆక్సిజన్ లేకుండా గ్లూకోజ్ నుంచే లాగుతుంది. దానివల్ల పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని ఏం చేస్తుందంటారా? డిప్ప, ఎముకల్లోంచి కార్బొనేట్లు విడుదల చేసి విరుగుడు చేస్తుంది, ఆ ఆమ్లంలోని లాక్టేట్‌ని కొంత డిప్పలోనే దాచేస్తుంది. డిప్ప కుక్కల నుంచి కాపాడటానికే అనుకుంటాం మనం.

క్రూషియన్ కార్ప్ ఇంకో రకం. మంచు కప్పిన చెరువులో మెదడుని పూర్తిగా ఆపకుండా మెల్లగా ఈదుతూ ఉంటుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకోకుండా దాన్ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల ద్వారా వదిలేస్తుంది. దాని రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల పైన ఆల్కహాల్ ఉంటుందని తేలింది. మనదేశంలో బండి నడిపేవాళ్లకు పరిమితి 30. అలిపిరి దగ్గర ఆపి ఊదిస్తే ఆ చేప దొరికిపోతుంది. నేకెడ్ మోల్ ర్యాట్ అయితే మనలాగే పాలిచ్చే జంతువు. అయినా ఆక్సిజన్ పూర్తిగా లేకుండా 18 నిమిషాలు తట్టుకున్నట్టు 2017లో చూపించారు. అప్పుడు దాని మెదడు గ్లూకోజ్‌కి బదులు ఫ్రక్టోజ్‌ని వాడుకుంటుంది.

మా బావి తాబేలు పుస్తకాల్లోని ఆ మొనగాళ్ల జాతి కాదు. దానికంత విద్య అక్కర్లేదు కూడా. సరీసృపం కాబట్టి, అంతే బరువున్న పాలిచ్చే జంతువు ఖర్చులో పదో వంతుతోనే దానికి రోజు గడిచిపోతుంది. మనిషి పడిపోయే గాలి దానికి చాలు. కాబట్టి బావిలో గాలికి తాబేలు సాక్ష్యం చెల్లదు. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 దాకా కానరీ పిట్టల్ని పట్టుకెళ్లేవాళ్లు. మనకంటే ఎక్కువ ఖర్చు పెట్టే ఒళ్లు కాబట్టి మనకంటే ముందు అది తూలుతుంది. సాక్షి అంటే అది. గాలిలో 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 16, 17కి దిగితే దీపం ఆరిపోతుంది, అప్పటికి మనిషి ఇంకా నిలబడే ఉంటాడు. ముసలివాళ్లు లాంతరు దించేది అందుకే. మనం లాంతరు పారేసి తాబేలుని నమ్ముకున్నాం.

ప్రాణాయామంతో మెదడుని తాబేలులా మార్చుకోవచ్చని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ప్రాణాయామం మంచిదే, నేనూ చేస్తాను. కానీ అయాన్ల దారులు మూసుకోవడం సాధనతో వచ్చేది కాదు. మనిషికి దానికి దగ్గరగా పనికొచ్చేది చల్లదనం ఒక్కటే. బృహద్ధమని ఆపరేషన్లలో కొన్నింటికి ఒంటిని 18, 20 డిగ్రీలకు చల్లబరిచి, రక్త ప్రసరణనే అరగంట దాకా ఆపుతారు. మెదడు ఖర్చు పడిపోతుంది కాబట్టి తట్టుకుంటుంది. అదైనా థియేటర్లో, మెషీన్ మీద, డాక్టర్ల చేతుల్లో.

ఇంకో మంట. వాస్తు తాబేలని చెప్పి అక్వేరియం షాపుల్లో రూపాయి బిళ్లంత పిల్లల్ని అమ్ముతారు. కంటి వెనక ఎర్ర గీత ఉంటే అది రెడ్ ఇయర్డ్ స్లైడర్. ఈ పరిశోధనల్లో బాగా వాడిన జాతి అదే, ఆక్సిజన్ లేకుండా గది వేడిలోనే ఒక రోజుకు పైగా ఉండగలదు. పళ్లెమంత పెరిగాక ఇంట్లో చోటు చాలక చెరువులో వదిలేస్తారు. అమెరికా నుంచి వచ్చిన అంత మొండి ప్రాణి మన చెరువులో పడితే ఇక్కడి తాబేళ్ల గతేంటి? పుణ్యం వస్తుందట!

అన్నట్టు, బావిలో సగం లోతున ఆయిల్ ఇంజన్ పెట్టి నడిపేవాళ్లకు దీపం కూడా పనికిరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి దీపం ఆరదు, మనిషి ఆరిపోతాడు. ఇంజన్ ఒడ్డునే ఉండాలి. పూడిక తీయించేవాళ్లు ముందు పెద్ద బ్లోయర్‌తో పైపు అడుగుదాకా వేసి బాగా గాలి కొట్టించండి, మనిషి లోపల ఉన్నంతసేపూ ఆపకండి. దిగే మనిషి నడుముకి మోకు, పైన దాన్ని పట్టుకోడానికి కనీసం నలుగురు ఉండాలి. పడిపోతే మోకు లాగండి, 101కి, 108కి ఫోన్ చేయండి. ఇంకొకరు మాత్రం దిగొద్దు, అన్న అయినా తమ్ముడైనా.