సున్నిపిండి డబ్బా

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీవు నవల మొదలుపెట్టావనీ, కొత్తగా పెళ్లయి ఒకరినొకరు సరిగా ఎరగని భార్యాభర్తల మధ్య నడిచే సస్పెన్స్ కథ అనీ మీ నాన్న నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో నా తరువాత కలం పట్టినవాడు లేడని ఇన్నాళ్లూ బెంగపడినవాణ్ణి కనుక ముందు సంతోషంతో నిద్రపట్టలేదు. నీకు పెళ్లయి నాలుగు నెలలే అయిందని గుర్తుకు వచ్చాక, తెల్లవారేదాకా భయంతో నిద్రపట్టలేదు. ఈ ఉత్తరం ఆ భయం రాయిస్తున్నది.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. రోజూ ఒకే వేళకు రాయి. రాసినదాన్ని రెండు చోట్ల దాచుకో. ముగింపు నీకే తెలియకుండా మొదటి అధ్యాయం ఎవరికీ చూపకు. శోభనం గదిలోని పాలగ్లాసులో విషం కలపకు. 1941లోనే హిచ్‌కాక్ ‘సస్పిషన్’ చిత్రంలో భర్త చేతిలో ఉన్న పాలగ్లాసు లోపల చిన్న బల్బు వెలిగించి, మెట్లెక్కి వస్తున్న మనిషిని వదిలేసి ప్రేక్షకులందరూ ఆ పాలనే చూసేలా చేశాడు. ఆ తరువాత ఆ గ్లాసును ఎవరు ముట్టుకున్నా ఎంగిలే.

కథలో అమ్మాయిని చంపాలనే అనుకుంటే చట్టం తెలుసుకుని చంపు. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా మరణించినా, ఎస్సై ఒక్కడే వచ్చి పంచనామా ముగించి వెళ్లిపోవడానికి వీలులేదు. మేజిస్ట్రేటు అధికారం ఉన్నవారు రావాలి, మన దగ్గర సాధారణంగా తహసీల్దారు వస్తారు. 2024 జూలై 1 నుంచి చట్టాల పేర్లు, సెక్షన్ల అంకెలు మారాయి గానీ ఈ పద్ధతి మారలేదు. ఇది రాయకపోతే ఏ రిటైరైన తహసీల్దారో నీకు ఉత్తరం రాస్తాడు.

మా రోజుల్లో పెళ్లిచూపుల్లో అరగంట ఎదురెదురుగా కూర్చోవడమే పరిచయం. మీరు నిశ్చితార్థం నుంచి ముహూర్తం దాకా అర్ధరాత్రి వరకూ ఫోన్‌లో మాట్లాడుకుంటారు కనుక, ఒకరి మాటలు ఒకరికి బాగా తెలుస్తాయి. నిద్రలో ఎదుటి మనిషి ఏమని కలవరిస్తుందో, బీరువా తాళంచెవి ఎక్కడ పెడుతుందో, స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్‌ను ఎందుకు బోర్లా పెడుతుందో ఆ మాటల్లో ఉండవు. నీ కథకు కావలసిన భయమంతా అక్కడే ఉంది. నాకు కావలసినంత భయం కూడా అక్కడే ఉంది, ఎందుకంటే అవి గమనించడానికి నీకు దొరికిన ఒకే ఒక్క మనిషి మా కోడలు.

1983లో నేనూ ఇలాంటి కథే రాశాను. ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మీ అత్తయ్యకు అంతకు ముందు ఏడాదే తెనాలి సంబంధం చేశాము. ఆమెకు పన్నెండో ఏట నుంచి మూర్ఛ వచ్చేది. రోజూ రాత్రి ఒక గార్డినాల్ మాత్ర వేసుకుంటే అదుపులో ఉండేది. పెళ్లివారికి చెప్పవద్దని మా నాన్నగారు నిర్ణయించారు, మేమందరం తలలూపాము. అత్తవారింట్లో ఎవరూ చెయ్యి పెట్టని చోటు ఏదని ఆలోచించి, మాత్రలను కాగితంలో చుట్టి, పుట్టింటి నుంచి తీసుకుపోయిన సున్నిపిండి డబ్బాలో అడుగున దాచుకునేది. దసరాకు వచ్చినప్పుడు నవ్వుతూ ఆ సంగతి నాకు చెప్పింది. నేనూ నవ్వాను. ఆ రాత్రే దాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నాను.

నా సీరియల్ ఐదో వారంలో కొత్త పెళ్లికొడుకు వేళ్లకు సున్నిపిండిలో కాగితపు పొట్లం తగులుతుంది. విప్పితే తెల్లటి మాత్రలు. తనను చంపడానికి దాచిన విషమని వణికిపోతాడు. గొప్పగా వచ్చిందని సంపాదకుడు మెచ్చుకున్నాడు. తెనాలిలో మీ అత్తయ్య అత్తగారు, కోడలి అన్నయ్య రాసిన కథ అన్న గొప్పతో, ప్రతి వారం పక్కింటి పిల్ల చేత చదివించుకునేది. ఆ మధ్యాహ్నం చాటలో బియ్యం ఏరుతూ వింటున్నదట. పొట్లం మాట రాగానే చాట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, తిన్నగా స్నానాలగదిలోకి వెళ్లింది.

మాత్రలను కాలువలో పారబోసింది. ఆ మందు ఒక్కసారిగా మానకూడదు, మానితే మూర్ఛ మునుపటికంటే తీవ్రంగా తిరగబెడుతుంది. మూడో రాత్రి వంటింటి గడపలో పడిపోయింది మీ అత్తయ్య. నాలుక తెగింది. నలుగురూ చేరారు, వకీలు మాట వచ్చింది. 1976లో హిందూ వివాహ చట్టాన్ని సవరించినప్పుడు, మాటిమాటికీ మూర్ఛ వచ్చేవారి పెళ్లిని రద్దు చేయించుకునే వీలు పెట్టారు; 1999 చివరలో గానీ ఆ మాటను చట్టం నుంచి తీసివేయలేదు. అంటే నా చెల్లెలి కాపురాన్ని నిలువునా తెంచగల చట్టం అప్పుడు అమలులో ఉంది, దాన్ని వారి చేతికి అందించినవాణ్ణి నేను.

ఎనిమిది నెలలు ఆమె మన ఇంట్లోనే ఉంది. నాతో ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు, అది నాకు మరీ కష్టంగా ఉండేది. చివరకు మీ మామయ్యే ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చాడు. ఆ రోజు ఆయన చెప్పింది విని నేను సిగ్గుతో పెరట్లోకి వెళ్లిపోయాను. పెళ్లయిన రెండో నెలలోనే చాప మీద జారిపడిన మాత్ర ఒకటి ఆయనకు దొరికిందట. మందుల షాపులో చూపించి అది దేనికో తెలుసుకున్నాడు. ఆమె తనంతట తానే చెబుతుందని ఎదురుచూస్తూ, నెలాఖరుకు పొట్లం తగ్గినప్పుడల్లా అవే మాత్రలు నాలుగైదు తెచ్చి అందులో కలిపేవాడు. తన తల్లి ఎదుట మాత్రం ఆ ఎనిమిది నెలలూ నోరు మెదపలేదు, దానికి నేను ఆయనను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు.

ఇక్కడ ఆగి ఆలోచించు. రాత్రి ఆరు మాత్రలు లెక్కపెట్టి దాచిన అమ్మాయి, మరునాడు పొట్లం విప్పితే పది కనిపిస్తాయి. ఇంట్లో ఎవరికో తెలిసిపోయింది, ఎవరికో తెలియదు, వారు ఎందుకు ఊరుకున్నారో అసలే తెలియదు. ఆ భయంతో నెలల తరబడి అన్నం సహించలేదని మీ అత్తయ్య తరువాత చెప్పింది. ఇంతటి కథ మా ఇంట్లోనే జరుగుతుంటే, నేను దాని డబ్బాను మాత్రం దొంగిలించి, అందులో విషం పోసి, పద్నాలుగు వారాలు సాగదీశాను. మంచివాళ్లిద్దరు ఒకరి మీద ఒకరు ఇష్టంతోనే దాచుకునే రహస్యం ముందు హంతకుడైన భర్త ఏపాటి? అయినా నీవు హంతకుణ్ణే రాస్తావు, ఆ వయసు అలాంటిది.

ఇదంతా నీకు రాయవచ్చునా అని పొద్దున్నే మీ అత్తయ్యకు ఫోన్ చేసి అడిగాను. కొంతసేపు మాట్లాడలేదు. “అప్పుడు అడగలేదు, ఇప్పుడైనా అడిగావు. రాయి. వాడికి కావాలంటే వాడుకోమను, డబ్బా మాత్రం మార్చమను,” అన్నది.

కనుక నాయనా, నోటుపుస్తకంలో మా కోడలి గురించి రాసుకున్నవి ఏవైనా ఉంటే ఈ రాత్రే ఆమెకు చదివి వినిపించు. కోప్పడితే పడనీ. ఆమె కొట్టేయమన్నవి కొట్టేయి, బతిమాలకు. ఆమె చదివిన తరువాతే మొదటి మూడు అధ్యాయాలు నాకు పంపు. ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది కనుక పెద్ద అక్షరాలతో ప్రింటు తీయించి పోస్టులో పంపు, ఫోన్‌లో చదవలేను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న