నాలుగేళ్ల పాపకు తెగిన వేలు అతుకుతుందా?

అతుకుతుంది. ‘అంత చిన్నపిల్లకు ఆపరేషన్ దండగ’ అని మీ బంధువులు అన్నారని రాశారు. మా మేనకోడలికి వేలు తెగినప్పుడు మేమూ అదే మాట విన్నాం, అదీ ఆసుపత్రిలో.

మూడేళ్ల కిందట మే నెల. తెనాలి దగ్గర మా అక్క ఇంట్లో, నాలుగేళ్ల పిల్ల గడ్డి కోసే యంత్రంలో చెయ్యి పెట్టింది. చూపుడు వేలు మధ్య కణుపు దగ్గర తెగి పడింది. పక్కింటాయన దాన్ని ఐసు ముక్కల్లో వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఐసు నేరుగా తగిలితే ఆ వేలు దెబ్బతింటుంది. తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు నీళ్లలో ఉంచాలి.

గుంటూరులో మొదట చూపించిన చోట, “రక్తనాళాలు దారమంత కూడా ఉండవమ్మా, కుట్లు వేసి పంపిస్తాం” అన్నారు. అక్క మారు మాట్లాడకుండా బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చేసింది. 1962లోనే అమెరికాలోని బోస్టన్‌లో పన్నెండేళ్ల బాలుడికి రైలు ప్రమాదంలో తెగిన చేతిని అతికించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మైక్రోసర్జరీ (మైక్రోస్కోపులో చూస్తూ సన్నని రక్తనాళాలు, నరాలు కలిపే ఆపరేషన్) చేసే ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లమని ఒక్క ముక్క చెప్పలేరా? ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని విజయవాడ చేరేసరికి ప్రమాదం జరిగి మూడు గంటలు దాటింది. వేలు కాబట్టి సరిపోయింది. కండ ఉన్న చెయ్యో కాలో అయితే చల్లగా ఉంచకపోతే ఆరు గంటలు దాటకూడదు.

ఆపరేషన్ రాత్రంతా సాగింది. అసలు పరీక్ష ఆ తర్వాతే. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయని ఆ మే ఎండల్లో గదిలో ఏసీ ఆపేశారు. బీడీ కాల్చి లోపలికి రావద్దని బావకు గట్టిగా చెప్పారు. పిల్ల ఏడిస్తే రక్తం ఆడదని మా అక్క మూడు రాత్రులు కథలు చెబుతూనే ఉంది. గంటకోసారి నర్సు వచ్చి గోరు నొక్కి వదిలేది. తెల్లబడిన గోరు మళ్లీ ఎర్రబడేదాకా మాకెవరికీ ఊపిరి ఆడేది కాదు.

వేలు నలిగి ముద్దయితే కష్టమే. శుభ్రంగా తెగితే మాత్రం వయసు చూసి వదిలేయకండి. పెద్దవాళ్ల కంటే పిల్లల నరాలే బాగా కోలుకుంటాయి. మా పాప రెండో తరగతి చదువుతోంది. మధ్య కణుపు పూర్తిగా వంగదు గానీ, పెన్సిల్ ఆ వేలితోనే పట్టుకుంటుంది.

ఆ యంత్రానికి మూత ఉంటే ఇదంతా జరిగేదే కాదు. అక్కావాళ్లు దాన్ని అమ్మేశారు. కొన్నవాళ్ల ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారని తెలిసి, నేనే వెళ్లి ఇనుప రేకు బిగించి వచ్చాను.