సిరొంచలో ఒకే భూమి రెవెన్యూ పటంలో పొలం, అటవీ పటంలో అడవి: పటాలు ఎలా కలపాలి?

ప్రశ్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా గురించి. చాలాసార్లు తప్పు నేల మీద ఉండదు, పటాల కొలతల్లో ఉంటుంది.

పాత టోపోషీట్లు (సర్వే శాఖ నేలపటాలు) ఎవరెస్ట్ డేటమ్‌లో గీసినవి, జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే డేటమ్‌లో చదువుతుంది. డేటమ్ అంటే అక్షాంశ రేఖాంశాలు కొలవడానికి ఆధారంగా తీసుకున్న భూమి ఆకారపు లెక్క. మార్చకుండా ఒకదానిపై ఒకటి పెడితే గట్టు వంద మీటర్లకు పైగా జరిగిపోతుంది. స్కేలుదీ అదే గొడవ. 1:50,000 పటంలో అర మిల్లీమీటరు గీత నేల మీద 25 మీటర్లు. దాన్ని పట్టుకుని ఎకరం పొలానికి హద్దు తేల్చడం అన్యాయం.

కాబట్టి ముందు అన్ని శాఖలూ ఒకే డేటమ్‌కు, యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) జోన్ 44కు రావాలి. (78 డిగ్రీల రేఖాంశానికి పడమరనున్న నాందేడ్ వైపు జోన్ 43. రెండు జిల్లాలూ కలిపేటప్పుడు ఇక్కడే పొరబడతారు.) తర్వాత రెండు పటాల్లోనూ కనిపించే పాత హద్దురాళ్లు, బావులు, దారుల కూడళ్లు పదైనా తీసుకుని సరిచూడాలి. నది ఒడ్డు మాత్రం వద్దు, ప్రాణహిత ఒడ్డు కోసుకుపోతుంది.

ఊరి పేరుతో పట్టికలు కలపకండి. తెలుగువాళ్లు పలికే పేరు, మరాఠీలో రాసే పేరు ఒకటి కాదు. జనగణన గ్రామ కోడ్, సాత్‌బారా (మహారాష్ట్ర భూమి రికార్డు)లోని సర్వే నంబరు, అటవీ కంపార్ట్‌మెంట్ (అటవీ శాఖ అడవిని విడదీసిన భాగం) నంబరు మూడూ ఒకే వరుసలో ఉండాలి. కలిపే ప్రతి పటపు పొరకూ తేదీ, స్కేలు, బాధ్యుడైన శాఖ రాయాలి. తేడా మిగిలితే ఎవరి గీతా చెరపకూడదు: ‘వివాదం’ అని గుర్తుపెట్టి, ఇరు శాఖలవాళ్లూ గ్రామసభ ఎదుట కలిసి కొలవాలి.