బుల్లెట్ కవర్లకు మళ్లీ మెరుపు రావాలంటే

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. మీ నాన్న పాత బుల్లెట్ ఇంజను కవర్ల మీద పేరుకున్న ఆ తెల్లటి పొడి దుమ్ము కాదు, అల్యూమినియానికి పట్టిన తుప్పు. గాలి తగలగానే అల్యూమినియం తన మీద సన్నని ఆక్సైడ్ పొరను కప్పుకుంటుంది. మామూలుగా దానికి అదే రక్ష. విశాఖలో సముద్రపు గాలిలోని ఉప్పు ఆ పొరను అక్కడక్కడ ఛేదించి గుంటలు పెడుతుంది. ఫోటోలో అంచు దగ్గర పురుగు పాకినట్టున్న చారలు చూశావా? పైన వేసిన వార్నిష్ ఎక్కడో పగిలి, తేమ దాని కిందికి దూరి తినుకుంటూ పోయిన దారి అది.

సిల్వర్ రంగు కొట్టించమని ఎవరు చెప్పినా వినకు. తుప్పు తీయకుండా వేసిన రంగు పొక్కులు లేచి ఊడుతుంది. కాస్టిక్ సోడా, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ దాని దగ్గరికే రానివ్వకు. రెండూ అల్యూమినియాన్ని కరిగిస్తాయి. ఇనుప పీచు కూడా వద్దు. దాని రేణువులు మెత్తని లోహంలో ఇరుక్కుని, తేమ తగిలినప్పుడు అక్కడే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

ముందు ఎడమవైపున్న ప్రైమరీ కవరు (క్లచ్, దాని గొలుసు మీద మూత) ఒక్కటే తీయి. ఫుట్‌రెస్టు తప్పించి, కింద ట్రే పెట్టి, నడుమనున్న పెద్ద నట్టు విప్పితే ఆయిల్ కారి కవరు చేతికి వస్తుంది. కుడివైపు టైమింగ్ కవరు జోలికి మాత్రం వెళ్లకు. ఆయిల్ పంపులు అందులోనే ఉంటాయి, క్రాంక్‌కు (ఇంజను లోపల తిరిగే ఇరుసుకు) నూనె అందించే చోట చిన్న కార్క్ సీలు ఉంటుంది, కవరు కదిలిస్తే అది చెడొచ్చు. ఆ కవరును బండి మీదే ఉంచి చేత్తో రుద్దడం మేలు.

తీసిన కవరును కిరోసిన్‌తో జిడ్డు పోయేదాకా కడిగి, మిగిలిన వార్నిష్‌ను పెయింట్ రిమూవర్‌తో వలిచెయ్యి. ఇక అసలు పని వాటర్ పేపర్‌ది, అంటే తడిపి రుద్దే గరుకు కాగితానిది. నంబరు పెరిగేకొద్దీ అది నునుపు. గుంటలు ఎక్కువగా ఉన్నచోట 240తో మొదలుపెట్టి 400, 600, 800, 1000, 1500, 2000 వరకు వెళ్లు. నీళ్లలో రెండు చుక్కల సబ్బు కలుపుకో. ఒక నంబరు నిలువుగా రుద్దితే తర్వాతది అడ్డంగా రుద్దు. ట్యూబ్‌లైటు కింద కవరును వాల్చి చూస్తే పాత గీతలు ఇంకా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. అవన్నీ పోయేదాకా పై నంబరు పట్టుకోకు. మన కుర్రాళ్లంతా ఇక్కడే తొందరపడతారు. 400 గీతను 1000తో పోగొట్టబోతే చెయ్యి నొప్పి తప్ప ఫలితం ఉండదు, పాలిష్ పెట్టాక ఆ గీతే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మరీ లోతైన గుంటలను మాత్రం వదిలెయ్యి. వాటి కోసం లోహం అరగదీస్తే కవరు పలచబడి, అక్కడ పల్లం పడుతుంది. లోపలి వైపు సీలు కూర్చునే అంచుకు పేపర్ తగలనివ్వకు.

బఫింగ్ (తిరిగే బట్ట చక్రంతో మెరుగుపెట్టడం) చేస్తే కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. బట్ట చక్రం కవరు అంచును పట్టి విసిరేస్తుంది కాబట్టి, చక్రం దిగువ భాగం దగ్గర పట్టుకోవాలి. వదులు చేతులున్న చొక్కా వేసుకోకు. చేత్తోనైతే బ్రాసో, ఆటోసాల్ లాంటి పాలిష్ చాలు. గుడ్డ నల్లబడుతూనే ఉంటుంది. మురికి ఇంకా ఉందని కంగారుపడకు, అరిగి వస్తున్న లోహమే అది. శుభ్రమైన గుడ్డతో తుడిచి మైనం పుయ్యి. మళ్లీ వార్నిష్ మాత్రం వేయించకు. సముద్రం పక్కన అది ఎప్పటికైనా పగులుతుంది, ఆ కింద ఏం జరుగుతోందో తెలియదు. అప్పుడప్పుడు మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, మైనం పట్టించడమే నయం. తడి బండి మీద ప్లాస్టిక్ పట్టా కప్పకు.

బిగించేటప్పుడు రబ్బరు సీలు కొత్తది వెయ్యి. లెవెల్ ప్లగ్ (ఆయిల్ మట్టం చూపే చిన్న బిరడా) విప్పి ఉంచి, అక్కడి నుంచి కారేవరకు ఆయిల్ పోసి మూసెయ్యి. ఇంజను కాసేపు నడిపి, కింద అట్టముక్క పెట్టి చూడు. చుక్క పడితే నట్టు ఇంకా బిగించకు, కవరు వంగిపోతుంది. మళ్లీ విప్పి సీలు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసుకో.

ఇట్లు,
మామయ్య