తేలిందా, సూచనలు కనిపిస్తున్నాయా?

సందేహం: విశ్వపరిశోధన వార్తల్లో ‘కృష్ణశక్తి బలహీనపడుతోందని తేలింది’, ‘ఐన్‌స్టీన్ సిద్ధాంతం తప్పని రుజువైంది’ వంటి వాక్యాలు కనిపిస్తున్నాయి. తేలింది, వెల్లడైంది, రుజువైంది అన్న మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడవచ్చా? ‘సవరించిన గురుత్వాకర్షణ’ అనడం సరైనదేనా?

సమాధానం: వాడకూడదు. విచారణ ముగిసి సందేహానికి తావు లేనప్పుడు ‘తేలింది’ అంటాము. లెక్క తేలిందన్నా, తగవు తేలలేదన్నా అందులో ఉన్నది ముగింపు అనే భావమే. అప్పటికే ఉండి మరుగున పడిన విషయం బయటికి వస్తే ‘వెల్లడైంది’. ‘రుజువైంది’ అనాలంటే ఎదుటివారు కాదనలేని సాక్ష్యం కావాలి.

1998లో రెండు బృందాలు వేర్వేరుగా సుదూర సూపర్‌నోవాల (పేలిపోయే తారల) కాంతిని కొలిచి, విశ్వం విస్తరించే వేగం పెరుగుతోందని ప్రకటించాయి. తరువాత విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన విశ్వ నేపథ్య వికిరణం, గెలాక్సీల అమరిక కూడా ఆ మాటనే బలపరచాయి కనుక, అక్కడ ‘తేలింది’ అనడంలో దోషం లేదు. ఆ వేగం పెరగడానికి కారణమని భావిస్తున్నదే కృష్ణశక్తి. విశ్వంలో దాని వాటా సుమారు 68 శాతమని అంచనా.

అది బలహీనపడుతోందన్న మాట వేరు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, కిట్ పీక్ శిఖరం మీది డెసి అనే ఖగోళ పరిశీలన పరికరంతో కోటీ నలభై లక్షలకు పైగా గెలాక్సీలను, క్వేజార్లను (అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాలను) పరిశీలించి 2025 మార్చిలో ఫలితాలు ప్రకటించారు. వాటిని ఇతర కొలతలతో కలిపి చూసినప్పుడు, ఏ సూపర్‌నోవా సమాచారాన్ని చేర్చారన్న దాన్నిబట్టి, కృష్ణశక్తి మారడం లేదన్న నమూనాతో తేడా 2.8 నుంచి 4.2 సిగ్మా వరకు వచ్చింది. సిగ్మా ఎంత పెరిగితే, ఆ తేడా కేవలం యాదృచ్ఛికం అయ్యే అవకాశం అంత తగ్గుతుంది. ఆవిష్కరణ అనడానికి భౌతికశాస్త్రంలో పాటించే హద్దు 5 సిగ్మా. శాస్త్రజ్ఞులే తేల్చని దానిని మనం వాక్యంలో తేల్చివేయడం తగదు. ‘కృష్ణశక్తి బలహీనపడుతూ ఉండవచ్చనడానికి సూచనలు కనిపిస్తున్నాయి’ అని రాయాలి. అలాగని ‘బలహీనపడుతోందట’ అనకూడదు. ఆ ‘ట’ విన్నమాటను చెబుతుంది, ఒక్కోసారి వెటకారాన్ని కూడా మోస్తుంది.

రెండవ వాక్యంలో దోషం ఇంకా పెద్దది. ఈ సూచనలే నిజమైతే దెబ్బతినేది, కృష్ణశక్తి అంటే ఐన్‌స్టీన్ 1917లో ప్రవేశపెట్టిన, కాలంతో మారని విశ్వస్థిరాంకమేనన్న వివరణ. గురుత్వాకర్షణను వివరించే ఆయన 1915 నాటి సాధారణ సాపేక్ష సిద్ధాంతమే ఈ లెక్కలకు ఆధారంగా ఉన్నప్పుడు, వాటితోనే ఆ సిద్ధాంతం తప్పని ఎలా రుజువవుతుంది?

ఇక ‘సవరించిన గురుత్వాకర్షణ’ అంటే ప్రకృతిలోని ఆకర్షణనే ఎవరో సవరించారని అర్థం వస్తుంది. సవరణ సిద్ధాంతానికే కనుక ‘సవరించిన గురుత్వ సిద్ధాంతాలు’ అనాలి. ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని మార్చి ప్రతిపాదించినవే ఇవి. వీటి విషయంలో మాత్రం ‘తేలింది’ అనదగిన సందర్భం ఒకటి ఉంది. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు (అతి సాంద్రమైన తారలు) ఢీకొన్న ఘటనలో స్థలకాలంలో పుట్టే అలలైన గురుత్వ తరంగాలు, గామా కిరణాలు దాదాపు 13 కోట్ల సంవత్సరాలు ప్రయాణించి 1.7 సెకన్ల తేడాతో భూమికి చేరాయి. దానితో, ఆ తరంగాల వేగం కాంతివేగానికి గణనీయంగా భిన్నమని చెప్పే సిద్ధాంతాలు నిలవవని తేలింది. అయితే ‘సవరించిన సిద్ధాంతాలన్నీ’ అని రాస్తే మళ్లీ తప్పే. ఆ వేగాన్ని మార్చని ఎఫ్(ఆర్) అనే తరహా సిద్ధాంతాల వంటివి ఇంకా పరీక్షలో ఉన్నాయి.